విమానానికి పెట్టిన బొట్టు

ఛాయాదేవి నోట ఎక్కువగా వినిపించే మాట "ఛీ". గన్నవరం దగ్గర విమానం నడపడం నేర్పే ఓ చిన్న స్కూల్లో ఆమె మెయింటెనెన్స్ ఇంజినీరు. మురికి కనిపిస్తే రోత పడే ఆ గుణం ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన తండ్రి నుంచి వచ్చింది. నట్టు మీద మడ్డి కనిపిస్తే ఆయనకు అన్నం సయించేది కాదు. కూతురు ఆయనకన్నా రెండాకులు ఎక్కువే చదివింది. వెనకాల అందరూ ఆమెను "ఛీఛీ మేడమ్" అంటారు.

దసరాకి ఆయుధపూజ చేశారు. విమానానికి పసుపు, గంధం, కుంకుమ, ముందు ఓ బంతిపూల దండ. ఓనరు సంజీవరావు గారు కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు శిక్షణలో ఉన్న కీర్తన ఒంటరిగా ఎగిరి వచ్చింది. దిగుతూనే ఛాయాదేవి దగ్గరికి పరుగెత్తింది.

"మేడమ్, పైకెళ్తున్నా ఎత్తు చూపించే ముల్లు కదల్లేదండీ. స్పీడు కూడా తగ్గిపోతా చూపించింది."

కింద నిలబెట్టి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఛాయాదేవి మీటరు ఊడదీసి పరీక్షించింది. వంక పెట్టడానికి లేదు.

"భయంతో ఏదో భ్రమపడుంటదండీ," అన్నారు సంజీవరావు గారు తేలిగ్గా. "వాళ్ల ఊరు మైలవరం పంపించేద్దాం. ఇలాంటోళ్లు పైలట్లేంటండీ?"

కీర్తన వెళ్లి బ్యాగు సర్దుకుంది. ఆ పిల్ల బతుకును అరక్షణంలో తేల్చేసిన పెద్దమనిషిని చూస్తే ఛాయాదేవికి కంపరమెత్తింది. తప్పు మీటరులో లేకపోతే, దానికి గాలి వెళ్లే దారిలో ఉండాలి. విసవిసా విమానం దగ్గరికి నడిచింది.

ఎడమ పక్కన చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాని నడుమ సన్నటి రంధ్రం. అందులోంచి అందే బయటి గాలిని బట్టే ముల్లు ఎత్తు చెబుతుంది; స్పీడు లెక్కకీ ఆ గాలే కావాలి. ఆ బిళ్ల మీద దిట్టంగా గంధం, నడుమ కుంకుమ, ఎండి గట్టిపడి ఉన్నాయి. గోటితో గీకితే రంధ్రం బయటపడింది.

"అది నేనే పెట్టానండీ," వెనకే వచ్చిన సంజీవరావు గారు ఇకిలించారు. "ముద్దుగా, గుండ్రంగా ఉంది కదా అని. అమ్మవారి బొట్టు, ఏమవుద్దిలే అనుకున్నా."

"ఛీ" అనబోయి ఛాయాదేవి ఆగింది. పొద్దున కీర్తన ఎగిరేముందు విమానం చుట్టూ తిరిగి అన్నీ సరిచూసింది తనే. రంధ్రం తెరిచి ఉందో లేదో చూడాల్సిన చోట బొట్టు చూసి, భక్తిగా తాకి, కళ్లకద్దుకుని ముందుకు సాగింది.

బ్యాగుతో వచ్చిన కీర్తన బిళ్ల వంక చూసింది. "అయితే నేను చెప్పింది నిజమేనాండీ?"

"నిజమేనమ్మా. బ్యాగు లోపల పెట్టేసుకో. పొద్దున అది చూసి కూడా నిన్ను పైకి పంపింది నేనే."

గోటిలో ఇరుక్కున్న కుంకుమను చూసుకుంటే, జీవితంలో మొదటిసారి తన చెయ్యంటే తనకే రోత పుట్టింది.