వాళ్ళ పద్నాలుగో పాయింటు

ఆడే రోజుల్లో నాకు ఎవరి మీదా రోత పుట్టలేదు. చూడ్డం మొదలుపెట్టాకే పుట్టింది. ముందు జనం మీద, తర్వాత నా మీద.

చిన్నప్పుడు మా కొండల్లో చోడి పంట కోసేసిన పొలమే వాలీబాల్ కోర్టు. ఒక పక్క జానెడు పల్లం. నెట్టు లేదు, రెండు వెదురు గుంజలకి తాడు కట్టేవాళ్ళం. స్కోరు రాసే బోర్డూ లేదు. అందుకని మాకో పద్ధతి ఉండేది. సర్వీసు చేసేవాడు బంతి లేపే ముందు రెండు లెక్కలూ గట్టిగా అరవాలి, అవతలివాళ్ళది ముందు, తనది తర్వాత. అవతలివాళ్ళు "ఊఁ" అంటేనే బంతి లేవాలి. అయిదో తరగతి దాటి చదవని నాకు లెక్క వచ్చింది ఆ అరుపుల్లోనే. అప్పట్లో సర్వీసు ఉన్నవాళ్ళకే పాయింటు. వాళ్ళు బంతి పోగొట్టుకుంటే సర్వీసు మారేది, అంకె మారేది కాదు. ఇప్పుడు ప్రతి బంతికీ ఎవరికో ఒకరికి పాయింటే. మా ఈడువాళ్ళ బుర్రల్లో మాత్రం పాత లెక్క ఇంకా పోలేదు.

మోకాలు పాడయ్యాక గట్టు మీద కూర్చోవడం మొదలైంది. మొదట్లో ఎవరు బాగా కొట్టినా "భలే" అనేవాణ్ణి. తర్వాత మావాళ్ళు కొడితేనే ఈల. అవతలివాళ్ళు జారిపడితే ఇంకా పెద్ద ఈల. పక్కవాళ్ళు గుట్కా ఊస్తూ ఆడపిల్లల నిక్కర్ల మీద కూతలు కూసేవాళ్ళు. నేను కూయలేదు. నవ్వాను. అది గుర్తొస్తే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

మొన్న దసరాలు వెళ్ళాక మా ఊళ్ళో అమ్మాయిల పోటీ పెట్టారు. గెలిచిన జట్టు జిల్లా ఆటలకి వెళ్తుంది. ఫైనల్లో మావాళ్ళూ, గెడ్డ నీళ్ళు దాటితే వచ్చే ఊరివాళ్ళూ. ఆ ఊరి కెప్టెన్‌కి ఇదే ఆఖరి అవకాశమని, వచ్చే ఏడు వయసు దాటిపోతుందని మైకులోనే చెప్పారు. చెరో రెండు సెట్లు అయ్యాయి. ఆఖరి సెట్టు పదిహేనుకి. నేను అలవాటు కొద్దీ కాగితం మీద గీతలు పెట్టుకుంటున్నాను.

మాకు పన్నెండు, వాళ్ళకి పదకొండు. సర్వీసు మాది. మా గుంటొకతె కొట్టిన బంతి గీత దాటి పడింది. బోర్డు దగ్గరున్నాయన ఒకప్పుడు నాతో ఆడినవాడే. "సర్వీస్ చేంజ్" అన్నాడు గాని సుద్దముక్క ఎత్తలేదు. డప్పుల హోరులో ఎవరూ పట్టించుకోలేదు. నా కాగితం మీద పన్నెండు-పన్నెండు. బోర్డు మీద పన్నెండు-పదకొండు.

బోర్డు మీద పదిహేను-పదమూడు కాగానే విజిల్ పడింది, జనం కోర్టులోకి దూకారు. నిజానికి పదిహేను-పద్నాలుగు. రెండు పాయింట్ల తేడా రాలేదు, ఆట అవలేదు.

కెప్టెన్ బోర్డు దగ్గరకొచ్చి "మాదొకటి తగ్గింది" అంది.

"ఓడిపోయినోళ్ళకి లెక్కలు బాగా వత్తాయి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"బేగి ఇంటికెళ్ళి అంబలి కాసుకో గుంటా!" ఇంకొకడు. అందరూ నవ్వారు.

ఆ పిల్ల నా చేతిలో కాగితం చూసింది. "సిన్నాన్నా, నువ్వు గీతలెట్టుకున్నావు కదా. మాదెంతో సెప్పు."

మా మేనల్లుడు నా భుజం గిల్లాడు. "ఏటి మావా, నువ్వు మనూరోడివా, ఆళ్ళూరోడివా?"

"మజ్జలో లెక్క తప్పిందమ్మా. సరిగ్గా సూళ్ళేదు" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆమె నా జేబు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మావాళ్ళు నన్ను డప్పుల దగ్గరకి లాక్కెళ్ళారు. మోకాలు నొప్పెడుతున్నా థింసా అడుగు వేశాను. సిగ్గులేని మోకాలు.

నెల తిరిగేసరికి కాఫీ పండ్ల కోత వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ పండ్లు కాటా మీద తూచేది నేనే. ఇన్నేళ్ళలో నా అంకెని ఎవరూ రెండోసారి అడగలేదు. ఆ పిల్ల వాళ్ళమ్మతో కలిసి బస్తా మోసుకొచ్చింది.

"నలభై ఒకటిన్నర" అన్నాను.

ఆమె వంగి ముల్లు చూసింది. బస్తా దింపి, మళ్ళీ తనే ఎక్కించింది. మళ్ళీ నలభై ఒకటిన్నరే. అప్పుడు బయట నిలబడ్డ వాళ్ళ ఊరాయన్ని పిలిచింది.

"మావా, ఓపాలి నువ్వొచ్చి సూడు. ఈయన సూసింది సెప్పడు."