రెండో పరీక్షకి వెళ్ళడం అవిశ్వాసం కాదు

సహోదరులారా, సహోదరీలారా, ముందే ఒప్పుకుంటున్నాను, నేను చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పే మనిషిని, నేను పట్టిన చేప హుగ్లీ నదికి అడ్డంగా పడుకుంటుంది, కాబట్టి ఈ సాక్ష్యంలో కొలతలు నమ్మకండి, సంగతి నమ్మండి.

మన టికియాపారా తెలుగు సంఘ వార్షికోత్సవానికి రక్తదాన శిబిరం పెట్టాం కదా, అందరికంటే ముందు నేనే పడుకున్నాను, నా రక్తం ఎంత ఉరవడిగా వచ్చిందంటే నర్సమ్మ బకెట్ తెమ్మంది. కొన్నాళ్ళకి బ్లడ్ బ్యాంకు వాళ్ళు పిలిచి, మీ రక్తంలో హెచ్.ఐ.వి. అనుమానం కనబడింది, ఇది తేల్చి చెప్పే పరీక్ష కాదు, పెద్దాసుపత్రిలో మళ్ళీ చేయించుకోండి అని చీటీ ఇచ్చారు. నాకు మొదటి మాటే వినబడింది. రెండోది చెవిన పడలేదు.

చీటీని బైబిల్లో దాచి, నలభై రోజుల ఉపవాసం పట్టాను. "ప్రభువా, నువ్వు నన్ను ముట్టి బాగుచేశావు, మళ్ళీ పరీక్షకి వెళ్తే నిన్ను అనుమానించినట్టే, నేను వెళ్ళను" అని ప్రార్థించాను. అది భయం, దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను! ఇంట్లో నా కంచం వేరు, గ్లాసు వేరు, పడక వేరు. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె నా వరకూ వస్తే దగ్గు నటించి బయటికి పోయేవాణ్ని, మీరంతా నాకు క్షయ అనుకున్నారు.

ఒకరోజు నా భార్య, ఆమె పేరు సువార్త, నా బైబిల్లో ఏదో కీర్తన వెతుకుతుంటే చీటీ దొరికింది. ఇక నా సంసారం అయిపోయిందనుకున్నాను. ఆమె చీటీ చివరిదాకా చదివింది, దేవుడు బాగుచేసేశాడని నేను నసిగాను. తర్వాత అంది:

"ఏటండీ, దేవుడు బాగు చేసేసినాడంటన్నారు, మరి పరీక్షకెళ్తే ఆయనకేటి నష్టం? లేదని తేలితే సంతోషం. ఉందని తేలితే మందులున్నాయి. లెగండి, నేనూ చేయించుకుంటాను."

ఆసుపత్రిలో కౌన్సెలర్, ఒక బెంగాలీ అమ్మాయి, నన్ను దాదా, అంటే అన్నయ్యా, అని పిలిచి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. మొదటి పరీక్ష జల్లెడలాంటిదట, జబ్బున్న రక్తం ఒక్క చుక్క కూడా దాటిపోకూడదని కాస్త అనుమానమున్నా ఆపేస్తుందట, అందులో ఒక్కోసారి జబ్బు లేనివాళ్ళూ చిక్కుతారట. అందుకే వేరే రకం పరీక్షలతో సరిచూడకుండా ఎవరికీ ఉందని చెప్పరట. కంచాలూ గ్లాసులూ పంచుకుంటే ఇది అంటదని కూడా చెప్పింది. ఆ పరీక్షలన్నీ చేసి నాకు లేదన్నారు, చెప్పిన గడువుకి మళ్ళీ వెళ్తే మళ్ళీ లేదన్నారు. సువార్తకీ లేదు. దేవునికే మహిమ!

నాకు హెచ్.ఐ.వి. పోయిందని సాక్ష్యం చెప్పమన్నారు కొందరు. చెప్పను. లేని జబ్బు ఎలా పోతుంది? దేవుడు నా భయాన్ని తీశాడు, సువార్త నోట మాట్లాడాడు, నాకు ఆ విడుదల చాలు. రెండో పరీక్షలోనూ ఉందని తేలినవాళ్ళు ఈ బెంచీల మీద ఉంటే, మందు మానకండి, మీ చోటు మీదే, ఆ గిన్నె మీ చేతి నుంచి నేను అందుకుంటాను.

ఇంతకీ నేను కల్పించింది బకెట్టూ, ఉపవాసమూ. ఉపవాసమున్నది ఒక్క పూట, సాయంత్రానికి స్టేషను బయట నాలుగు సింగాడాలు, అవే మన సమోసాలు, తిన్నాను. నలభై రోజులు భయపడింది మాత్రం నిజం. అన్ని రోజులు మీరు పోగొట్టుకోకండి. ఎవరి దగ్గరైనా అలాంటి చీటీ ఉంటే, ప్రార్థన చేసుకుని రేపు పొద్దున్నే రండి, నేనూ సువార్తా తోడొస్తాం.