నూనెలో గోలీ

మా ప్రొఫెసరు గారికి ఫ్రిజ్ కంప్రెసర్లలో పోసే నూనె తప్ప లోకంలో మరో ధ్యాస లేదు. అందులో గ్యాస్ కలిపి, ఒత్తిడి బాగా పెంచితే అది ఎంత పలచనవుతుందో, ఎంత చిక్కబడుతుందో కొలవాలి. డెబ్బైల చివర్లో, వరంగల్‌లోని ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నేనూ నా దోస్తూ చేసిన పని అదే. వాడు మరిపెడ దగ్గరి రైతుబిడ్డ. హనుమకొండలో ఇద్దరిదీ ఒకటే గది.

మందపాటి ఉక్కు గొట్టం నిండా నూనె. పైనుంచి చిన్న ఉక్కు గోలీ వదలాలి. అది అడుగు చేరడానికి ఎంత ఆలస్యమైతే నూనె అంత చిక్కన. ఉక్కు గొట్టంలోకి ఎవడు చూడగలడు? అందుకే వాడు, ఇంజను చప్పుడు వినే మెకానిక్కులా, స్క్రూడ్రైవర్ కొసను గొట్టానికి ఆనించి పిడిని చెవికి పెట్టుకునేవాడు. వాడు "పడ్డది!" అనగానే నేను స్టాప్‌వాచ్ ఆపేవాణ్ణి. పాము చెవులు నీవి అని ఏడిపించేవాణ్ణి గానీ, మా ఇద్దరి చదువూ నడిచింది ఆ చెవుల మీదే.

వాడికి టీబీ వచ్చింది. దవాఖానలో రోజూ సూది. నెమ్మదిగా దగ్గు తగ్గింది, ముఖం తేటపడింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాం. సూదులు ఇంకా నడుస్తుండగానే వాడు ల్యాబుకు వచ్చాడు.

గోలీ వదిలాను. వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. వాచీ తిరుగుతూనే ఉంది. ఆ నూనెలో అంతసేపు పట్టదు.

"నిద్రపోతానవా బే?" అన్నాను. పలకలేదు. భుజం తట్టాను.

"ఆగురా, ఇంక పడలే" అన్నాడు.

స్క్రూడ్రైవర్ లాక్కుని, గోలీని మళ్ళీ వదలమన్నాను. టక్కుమంది. నా మొద్దు చెవికే వినబడింది! వాడి ముఖం చూడలేకపోయాను.

సూది మందు ఒక్కోసారి చెవులు తీస్తుందట, ఆపితే ప్రాణానికే మోసమట. డాక్టరు చెప్పాడు. బతికుంటే బలుసాకు తినొచ్చని అందరూ ఓదార్చారు. అన్నవాళ్ళ చెవులు బాగానే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు.

వాచీ వాడికిచ్చాను. నేను విని చెయ్యెత్తేవాణ్ణి. పోను పోను వాడికి మాటలూ వినబడడం మానేశాయి.

చివరి రీడింగు అయిపోయిన రోజు, గొట్టం తుడుస్తూ, ల్యాబంతా ఉలిక్కిపడేంత గట్టిగా అడిగాడు:

"అరేయ్, అది పడ్డప్పుడు సప్పుడు ఎట్లుంటదిరా? నాకు యాదికొస్తలేదు."

చెప్పాను. గట్టిగానే చెప్పాను. వాడు నా మూతి వైపే చూస్తూ నిలబడ్డాడు.