కెమెరా ముందు కలుపుతీత

ఏపుగా రావలసిన ఒక క్యారెట్ మడిని పట్టపగలు, పూర్తి స్పృహలో, కెమెరా ముందు నిలబడి నాశనం చేసి, దానికి ‘సరైన పద్ధతి’ అని పేరు పెట్టి లోకానికి పంపిన మనిషిని నేను. తార్నాకలో మా వీధివాళ్ళు ఇప్పటికీ “బాగున్నారా సార్?” అని అడిగి, జవాబు వినకముందే మొహం పక్కకు తిప్పుకుంటారు. వారిది తప్పు కాదు. నవ్వు ఆపుకోవడం ఎవరికైనా కష్టమే. ఆ విపత్తు ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు మనవి చేస్తాను.

నేను యూనివర్సిటీలో గణాంకశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. తేదీ లేని మాటను, అంకె లేని వాదాన్ని నమ్మను. మా ఆవిడ సుగుణ ఒంట్లో నలతగా ఉందంటే “ఎప్పటి నుంచి?” అన్నది నా మొదటి ప్రశ్న, థర్మామీటరు తీర్పు చెప్పేదాకా సానుభూతి సైతం ప్రకటించను.

కొన్నేళ్ళ క్రితం, వానలు వెనకబట్టిన రోజుల్లో, క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ వెనక ఉన్న ఖాళీ జాగాపై తగవు వచ్చింది. గదుల్లో వండుకు తినే విద్యార్థినులు అక్కడ చలికాలపు కూరగాయలు వేసుకుంటామన్నారు. మరికొందరు స్కూటర్ల స్టాండు కావాలన్నారు. వార్డెన్ మేడమ్ రెండు పక్షాలకూ ఒకే మాట చెప్పారు: “చలి తగ్గేలోపు వచ్చి చూస్తాను. పంట కనబడితే జాగా పిల్లలది. లేకపోతే స్కూటర్లది.”

ఆ పిల్లల తరఫున తిరుగుతున్నది మౌనిక. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి చరిత్రలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. పొద్దున నడకకు వెళ్ళిన నన్ను దారిలోనే పట్టుకుంది.

“సార్, మీరు ఏది చేసినా టైం ప్రకారం పక్కాగ చేస్తరట. తోటపని మీద మీరు చెప్పుండ్రి, నేను వీడియోలు తీస్త. పది మంది చూసిన్రంటే గీ జాగ ఎవ్వలు గుంజుకోరు.”

“నాకు తోటపని రాదమ్మా” అనవలసిన చోట నేను “చిత్రీకరణ ఎప్పుడు?” అన్నాను.

ఇంట్లో చెబితే సుగుణ కత్తిపీట మీంచి తల కూడా ఎత్తలేదు. “మీరు నీళ్ళు పోసిన చెట్టు ఒక్కటి బతికుంటే చూపించండి. తులసమ్మ నా చేతి చలవతో బతుకుతాంది.”

“అది అనుభవం సుగుణా. నాది పద్ధతి.”

“మీ పద్ధతిని వేయించుకు తినాల్నా, పులుసు పెట్టుకోవాల్నా?”

మొదటి పాఠం క్యారెట్. పిల్లలు ఒక మడి నాకు వదిలి, మిగతావి తామే చూసుకున్నారు. స్కేలు పెట్టి సాళ్ళు గీశాను. గింజలు మరీ సన్నం గనుక ఇసుకలో కలిపి చల్లాను. పక్కనే ఆనాటి తేదీ వేసిన పలక. పెళ్ళి మంత్రాలు చదివే పురోహితుడికి కూడా అంత గాంభీర్యం ఉండదు. తీరా చూస్తే కాలరుకు తగిలించిన మైకు ఆన్ చేయలేదు! వీడియోలో నా పెదవులు మాత్రం గంభీరంగా కదులుతున్నాయి.

మౌనికకు పరీక్ష పని పడి, మళ్ళీ తీయడానికి వారం పట్టింది. “మళ్ళ గింజలెందుకు సార్? ఉత్త ఇసుక చల్లుండ్రి. చూసేటోళ్ళకు ఏం ఎరుక?” అంది. ఉత్త ఇసుకే చల్లాను. పలక మీద మాత్రం ఈ రెండోసారి తీసిన రోజు తేదీనే నిజాయితీగా రాశాను. తప్పుడు తేదీ వేయడం నా వంశంలో లేదు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మట్టిలోని అసలు గింజలకు అప్పటికే వారం వయసు. ఆ సంగతి గింజలకు తెలుసు. మేమిద్దరమూ ఆ రెండో వీడియోను సరిచేస్తూ ఎన్నిసార్లు చూశామంటే, మొదటిసారి చల్లిన ముచ్చటే మా బుర్రల్లోంచి జారిపోయింది.

మరికొద్ది రోజులకే సాళ్ళలో సన్నని ఆకుపచ్చ పోగులు లేచాయి.

“సార్, క్యారెట్ మొలిచినట్టున్నది!”

“అసంభవం. మొలకకు రెండు వారాలు పడుతుందని ప్యాకెట్ మీద ఉంది. మనం చల్లింది ఏనాడు? వీడియో పెట్టు, పలక చూడు.”

మౌనిక చూసింది. “అవు సార్, మొన్ననే గద. గిట్ల వరుసల మొలిచిందేంది మరి?”

“కలుపు కూడా క్రమశిక్షణ నేర్చుకుంది. కెమెరా తియ్యి.”

ఆ పూట నేను చేసిన కలుపుతీత చూస్తే కసాయివాడు కూడా కళ్ళు మూసుకునేవాడు. “గడువుకు ముందు మొలిచిన ప్రతిదీ కలుపే. జాలి వద్దు, వేళ్ళతో సహా పెరకండి” అంటూ మడి మొత్తం నున్నగా గీకేశాను.

పలక ప్రకారం గడువు నిండిన వారంలోనే, ఆ బోసి మడిలో చీలికల చీలికల ఆకులతో కొత్త మొలకలు వచ్చాయి. నా ఆనందం చెప్పనలవి కాదు. “చూశారా, క్యాలెండరును గౌరవించే మొక్క ఇదీ!” అని కెమెరాకు చూపించాను. వాటికి వర్మీకంపోస్టు వేశాను, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోశాను.

“సార్, మా దిక్కు రోడ్ల పొంటి వయ్యారిభామ గిట్లనే ఉంటది” అంది మౌనిక ఒకనాడు. అడక్కుండా పెరిగి ఊరందరికీ తుమ్ములూ దురదలూ పంచిపెట్టే పిచ్చిమొక్క అది.

“పోలిక వేరు, నిరూపణ వేరు. మీ ఊళ్ళో క్యారెట్ వేస్తారా?”

“లేదు సార్, పత్తి ఏస్తరు.”

“మరి?”



వార్డెన్ వచ్చే రోజున నా ప్రతాపం చూపిద్దామని సుగుణను వెంటబెట్టుకు వెళ్ళాను. ఆవిడ మడి వంక చూసి, ఒక మొక్కను పీకి నా చేతిలో పెట్టింది. ఎలుక తోకంత వేరు.

“ఇవి క్యారెట్లయితే, మల్కాజ్‌గిరి స్టేషన్ పక్కన ఎకరాలకెకరాలు ఉండాయి. పదండి, కోసుకొద్దాం.”

మౌనిక కంగారుగా ఫోను తిరగేసింది. మాట వినబడని మొదటి వీడియో బయటపడింది. “సార్... మనం గింజలు చల్లింది గీ రోజు.”  సరిగ్గా అప్పుడే వార్డెన్ మేడమ్ వచ్చారు.

“అబ్బ, ఎంత బాగా వచ్చాయి సార్! మా క్వార్టర్‌లో కూడా అచ్చం ఇలాగే ఉన్నాయి. మీ వీడియో చూసే వేశాను. పీకమన్నవి పీకాను, ఉంచమన్నవి ఉంచాను. చలికేమో గానీ, తుమ్ములే ఆగడం లేదు” అంటూ అనుమతి కాగితం తీశారు.

నేను నోరు తెరిచాను. మౌనిక నా చెవిలో, “సార్, మీ కాళ్ళు మొక్కుత, సంతకం కానియ్యుండ్రి” అంది. ఆ జాగా ఆ పిల్లలకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఊరుకుంటే సరిపోయేది. కానీ మేడమ్ మళ్ళీ తుమ్మారు.

“మేడమ్, ఇవి క్యారెట్లు కావు. వయ్యారిభామ.”

“మరి నేను పీకేసినవి?”

“అవి క్యారెట్లు. తప్పు నాది మేడమ్, పిల్లలది కాదు.”

 ఆవిడ కాగితం చేత్తో పట్టుకునే పక్క మడుల వైపు నడిచారు. అక్కడ గోబీ ముద్దగా పువ్వు కట్టింది, పాలకూర నిగనిగలాడుతోంది.

“ఇవెవరు పెంచారు?”

“మేమే మేడమ్” అంది మౌనిక.

“వీటి మీద సార్ వీడియో చేశారా?”

“ఇంక చెయ్యలే మేడమ్.”

“అందుకే బతికాయి” అని అక్కడికక్కడే సంతకం పెట్టారు. జాగా పిల్లలకే దక్కింది. సంతకం కింద ఒక షరతు మాత్రం చేర్చారు: సార్ గట్టు మీద నిలబడి మాట్లాడవచ్చు, ఏ మొక్కనూ ముట్టరాదు.

కాబట్టి తార్నాక, మెట్టుగూడ, రామంతాపూర్ ప్రేక్షకులందరి ఎదుట ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పచ్చగా ఉన్నదేదీ, అది స్వయంగా తన పేరు చెప్పుకునేదాకా, ఈ చేతులతో పీకను. ఈ ప్రతిజ్ఞను చూపించి కొత్తిమీర కట్ట బాగుచేసే పని కూడా తప్పించుకుందామనుకున్నాను. సుగుణ చాట నా ముందు పెట్టి, “దాని పేరు నేను చెప్తా, మీరు కూర్చోండి” అంది.