ముందుగా కళ్ళు

ఖమ్మంలోని ఖానాపురం హవేలి ప్రాంతంలో, మా మేడ మీద గదిలో ప్రతి ఆదివారం యుద్ధం జరుగుతుంది. మా తమ్ముడు, బ్యాంకులో వాడితో పనిచేసే ఇద్దరు, చర్ల వైపు రోడ్ల పని చూసే ఒక ఇంజినీరు కలిసి బల్ల నిండా చిటికెన వేలంత ప్లాస్టిక్ సైనికులను మోహరిస్తారు. పాచికలు వేస్తూ ఒకరి సైన్యాన్ని ఒకరు చంపుకుంటారు. ఆ సైనికులు బూడిద రంగులో వస్తారు, రంగులు మనమే వేసుకోవాలి. బడిలో సైన్సు చెప్పే నేను ఆ పని నాకిమ్మని తమ్ముణ్ణి నోరు తెరిచి అడిగాను. బట్టలు, కవచాలు బాగానే కుదిరాయి. కళ్ళ దగ్గరే పరువు పోయింది.

ఖమ్మం రోడ్ల పక్కన వినాయక విగ్రహాలు చేసేవాళ్ళను చూస్తూ పెరిగినదాన్ని. ఒంటికి రంగులు, నగలు అన్నీ అయ్యాకే కళ్ళు దిద్దుతారు. ఆ తర్వాత ఇక చెయ్యి వేయరు. నాకు అదే శాసనం. ముఖం, పెదవులు, జుట్టు ముగించుకుని చివర్న కళ్ళకు వచ్చేదాన్ని. అయితే విగ్రహం కన్ను అరచేయంత ఉంటుంది, నా సైనికుడి కన్ను ఆవగింజలో సగం కూడా ఉండదు. వెంట్రుకంత జారినా ముఖమంతా పోయినట్టే.

"ఏంది అక్కా ఇది? ఒక కన్ను ఖమ్మం చూస్తంది, ఒక కన్ను భద్రాచలం చూస్తంది" అని తమ్ముడు నలుగురిలో నవ్వాడు. ఆ తర్వాత తన సైన్యానికి నాయకురాలైన ఈటె పట్టిన బొమ్మను నా చేతిలో పెట్టాడు. "ఇది కూడా గట్లనే ఖరాబైతే మిగతాయన్నీ హైదరాబాద్‌ల ఎవలికన్న ఇచ్చి వేయించుకుంట. ఏమనుకోకు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. బడి, వంట, మళ్ళీ బడి మధ్య నాకంటూ దొరికిన పని అదొక్కటే. దాన్ని ఎవరో ముక్కూ మొహం తెలియనివాడికి అప్పగిస్తాడా? ఆ కోపంలోనే నా పద్ధతిని తిరగేశాను. కళ్ళు ముందు, ముఖం తర్వాత.

ఏప్రిల్ నెల ఎండలు. కుంచె బొమ్మను చేరేలోపే రంగు ఎండిపోతుంది, అందుకని ఫ్యాన్ ఆపేశాను. టిఫిన్ డబ్బా మూతలో తడిగుడ్డ పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగులు కలుపుకున్నాను. కింది తడి వాటిని ఆరనివ్వదు. బొమ్మను టానిక్ సీసా మూతకు అంటించి పట్టుకుని, మోచేతులు బల్లకు ఆనించాను. కంటి గుంటల్లో ముదురు గోధుమరంగు నింపి, దానిపై సన్నగా తెలుపు వేశాను. నల్ల చుక్క పెట్టే జోలికే పోలేదు. కనుబొమ్మ నుంచి బుగ్గ దాకా నిలువుగా ఒక నల్ల గీత గీసేశాను, చూపు ఒకే వైపు పోయేలా రెండు కళ్ళలోనూ బొమ్మకు ఎడమ మూలకే. చూడ్డానికి భయంకరంగా ఉంది. అప్పుడు చామనఛాయ రంగు తీసుకుని, కనుబొమ్మ దగ్గర కొంచెం, బుగ్గ మీద కొంచెం, అక్కర్లేని గీతను కప్పుకుంటూ వచ్చాను. రెప్ప వచ్చింది. కన్ను వచ్చింది. చెయ్యి జారిన చోటల్లా ముఖం రంగే సర్దేసింది. చెమటలు కారుతూ, ఒక్కదాన్నే కూర్చుని పైకే నవ్వాను.

ఆ ఆదివారం తమ్ముడు ఆమెను బల్ల మీద నిలబెట్టాడు. ఆమెకు ఎడమవైపున్న సైన్యం ఇంజినీరుది. చర్ల రోడ్డును తిట్టుకుంటూ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషి, ఆటలో మాత్రం దయాదాక్షిణ్యాలు లేనివాడు. మా నాయకురాలిని చంపే వంతు ఆయనకే వచ్చింది. పాచిక గుప్పిట్లో ఆడించాడు, ఆగాడు, వంగి ఆమెను చూశాడు.

"అక్కా, ఈమెను జర అటు తిప్పుమను. నన్నే చూస్తంది. పాచిక వేయబుద్ధి అయితలేదు" అన్నాడు.

గదంతా గొల్లుమంది. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు, దాచుకోవాలని కూడా అనిపించలేదు. "తిప్పేది లేదు, వెయ్" అన్నాను. వేశాడు. ఆమె బతికింది.

తమ్ముడు లేచి వెళ్ళి, రంగుల్లేని సైనికులున్న డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

"గట్ల పెడితే కాదు, అడుగు" అన్నాను.

అందరి ముందూ అడిగాడు.