వెన్నవ్వ ఎర్ర కమ్మీ

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాళ్లకూ లోకాన్ని తామే నడుపుతున్నామన్న నమ్మకం ఉండేది. నాకైతే కాస్త ఎక్కువే. డిగ్రీ కాగానే కట్టంగూర్ దగ్గర ఒక పాల కేంద్రంలో మూడు నెలల ఉద్యోగం దొరికింది. పని నచ్చితే ఖాయం చేస్తామని కేంద్రం నడిపే సారు అన్నారు. పాలు కొలిచి రాసుకోవడం నా స్థాయికి తగదు కాబట్టి (ఆ స్థాయి ఏమిటో అడగకండి) మాకు పాలు పోసే నాలుగు ఊళ్లను పోలుస్తూ ఒక బార్ చార్టు గీశాను. ఊరికి మూడు కమ్మీలు, పక్కపక్కనే. పొద్దుటి పాలు నీలం, సాయంత్రం పాలు పచ్చ, వెన్న శాతం ఎరుపు. లీటర్లు వందల్లో ఉంటాయి, వెన్న శాతం ఏడు దాటదు. రెండింటినీ ఒకే కొలత మీద నిలబెడితే ఎర్ర కమ్మీ నేలకు అంటుకుపోతుందన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. సారుకూ తట్టలేదు. రంగులు బాగున్నాయని మెచ్చుకుని తన చేత్తోనే గోడకు అంటించారు.

మర్నాడు పొద్దున్నే వెన్నవ్వ వచ్చింది. ఆమె బర్రె పాలలో వెన్న ఎక్కువని ఆ పేరు. వాళ్ల ఊళ్లో పాలు పోసే ఆడవాళ్లందరికీ ఆమె మాటే మాట. ఎర్రది ఏమిటని అడిగితే మీ ఊరి పాలలో వెన్న అని గొప్పగా చెప్పాను. "గింతేనా? నీళ్లు కలిపి పోస్తున్నమని గోడకు రాసిపెట్టినవా బిడ్డా?" అని క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది. సాయంత్రం ఆ ఊరి నుంచి చుక్క రాలేదు. అన్నీ ఇంకో పాలబండికి పోశారట. రంగులు మెచ్చుకున్న సారే, రెండు రోజుల్లో ఆ పాలు రాకపోతే నేనూ రానక్కర్లేదన్నారు.

వెన్నవ్వ ఇంటికి పోయి కొలత, శాతం, నిలువు గీత అంటూ అరగంట ఉపన్యసించాను. బర్రెకు కుడితి పెడుతూ వెన్నవ్వ అంతా విన్నది (బర్రె కూడా విన్నది, దానికే కాస్త అర్థమైనట్టుంది). "నా ఎత్తు, నా బరువు పక్కపక్కకు పెట్టి ఏది పెద్దదో చూస్తవా? పాల పక్కన పాలు పెట్టు, వెన్న పక్కన వెన్న పెట్టు" అన్నది. మూడేళ్ల డిగ్రీలో ఎవరూ చెప్పని పాఠం. సిగ్గుపడుతూ వెళ్లి రెండు చార్టులు చేసి తెచ్చాను. వెన్న చార్టు చూసి మళ్లీ ముఖం ముడుచుకుంది. నాలుగు ఊళ్లూ దాదాపు సమానం, వాళ్లది రవ్వంత ఎక్కువ. "అందరికున్నది ఎందుకు సూపెడుతున్నవ్? కిందికెల్లి కోసెయ్. మాకు ఎక్కువున్నదే సూపెట్టు."

అది మోసమని నాకు తెలుసు. నాది మూడు నెలల ఉద్యోగమనీ తెలుసు. సున్నాకు బదులు ఆరు నుంచి మొదలుపెట్టి గీశాను. వెన్నవ్వ ఊరు తాటిచెట్టంత లేచింది, మిగతావి దాని మొదట్లో తుప్పల్లా మిగిలాయి. (ఆ ఊళ్లవాళ్లు అలగకుండా, వాళ్లే ముందున్న లీటర్ల చార్టును వాళ్లు నిలబడేవైపు అంటించాను.) మర్నాడు క్యాన్లన్నీ వచ్చాయి. నా ఉద్యోగం ఖాయమైంది. నెల తిరగ్గానే వెన్నవ్వ ఆ చార్టు అడిగి ఇంటికి పట్టుకుపోయింది.

ఇప్పుడు నల్లగొండలో, కొత్తగా కొలువులో చేరినవాళ్లకు చార్టులు గీయడం నేర్పుతున్నాను. కమ్మీలు సున్నా నుంచే మొదలుకావాలని బల్ల గుద్ది చెబుతాను. మొన్న అటువైపు పోయినప్పుడు వెన్నవ్వ ఇంటికి వెళ్లాను. కొట్టంలో వేరే బర్రె ఉంది, పాతది చచ్చిపోయిందట. కుడితి తొట్టి పైన గోడకు నా చార్టు, రంగు వెలిసిపోయి. ఆమె లెక్కలో ఆ పొడుగు కమ్మీ ఊరిది కాదు, పాత బర్రెది. దాన్ని చేత్తో తుడుస్తూ, "దాని ఫోటువ దింపుకోకపోతిని. దాన్ది గిదొక్కటే మిగిలింది బిడ్డా" అన్నది. సున్నా నుంచి గీసి ఉండాల్సిందని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.