ఎడమ మూల నుంచి అల్లిన కుర్చీలు

ఆయన ఏ ఊరు వెళ్ళినా ముందు కుర్చీల వీపులు చూస్తాడు. మనుషుల మొహాలు తర్వాత. మంగలి షాపులో, పళ్ళ డాక్టరు దగ్గర, కోర్టు వరండాలో, ఎక్కడ పేము కుర్చీ కనిపించినా మోకాళ్ళ మీద కూలబడి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అల్లికకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూస్తాడు. ఒకసారి కోర్టు బంట్రోతు వచ్చి భుజం తట్టాడు.

"ఏం పోగొట్టుకున్నారు?"

"మా పెద్దతాతని."

బంట్రోతు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇక్కడ కుర్చీల కింద దొరికేవి బల్లులే. లేవండి."

ఊళ్ళో అందరికీ ఆయన కుర్చీలాయన. చిరిగిన పేము కుర్చీలకు మళ్ళీ అల్లిక వెయ్యడం ఆయన పని. టైలరు కొట్టుకీ సైకిళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒక గది. గోడకు మేకులు, మేకులకు తలకిందులుగా వేలాడే కుర్చీలు, మూలన నీళ్ళ తొట్టి, అందులో నానుతున్న పేము నారలు. గదిలో ఎప్పుడూ తడి గడ్డి వాసన. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక గిరాకీ సగం చచ్చిపోయింది. మిగతా సగం, తాతల నాటి కుర్చీల్ని పారెయ్యలేని వాళ్ళ పుణ్యం.

పేము అల్లిక చూడ్డానికి తేనెపట్టులా ఉంటుంది. నిలువు నారలు, అడ్డ నారలు, వాటి మీద రెండు ఏటవాలు వరుసలు. అందరూ ఏటవాలు వరుసను కుడి మూల నుంచి మొదలుపెడతారు. వీళ్ళింట్లో ఎడమ మూల నుంచి. ఇందులో పెద్ద రహస్యమేం లేదు. ముత్తాతది ఎడమచేతి వాటం. తనకు వచ్చినట్టే కొడుకులకు నేర్పాడు. కొడుకులిద్దరూ కుడిచేతి వాళ్ళు. కుడిచేత్తో ఆ అల్లిక వెయ్యడమంటే చొక్కా గుండీలు వీపు వెనక పెట్టుకున్నట్టు. వేళ్ళు మెలికపడతాయి, పని నత్తనడక నడుస్తుంది, కుర్చీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అయినా ఒక్కరూ మార్చలేదు. తండ్రి చేత దెబ్బలు తిని నేర్చుకున్నది, కొడుక్కి దెబ్బలు వేసి నేర్పారు. తప్పే. కానీ ఇంటి తప్పు.

ఆ తప్పే ఆయనకు మిగిలిన చుట్టరికం. తోడబుట్టినవాళ్ళు లేరు. పిల్లలు కలగలేదు. తండ్రికీ తోబుట్టువుల్లేరు. భార్య వైపు చూస్తే చీమలబారు. అక్కలు, చెల్లెళ్ళు, మేనమామలు, వాళ్ళ వియ్యంకులు. ఏ ఆదివారం చూసినా గుమ్మంలో చెప్పుల కుప్ప.

"మన పెళ్ళికి మీ వైపు నుంచి వచ్చిందెవరు? మీ నాన్న, ఒక కుర్చీ," అంటుంది ఆవిడ. "మా పిన్ని నన్ను చాటుకి పిలిచి అడిగింది, ఏమే, ఈ అబ్బాయి చెట్టుకి కాశాడా అని."

"చెట్టుకి కాస్తే కొమ్మకి ఇంకోటైనా ఉండేది," అంటాడు ఆయన.

ఆవిడ నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు. కానీ ఆవిడ తమ్ముళ్ళు వచ్చి, ఒకరి కంచంలోంచి ఒకరు లాక్కుని తింటుంటే, ఆయన తన కంచం పట్టుకుని కొట్టు గదిలోకి వెళ్ళిపోతాడు. అలకేం కాదు. అలా లాక్కునే చెయ్యి ఒకటి తనకూ ఎక్కడో ఉందని, దాన్ని చూడకుండానే పోతానేమోనని బెంగ.

తండ్రి చెప్పిన దారి ఆయనకు కంఠతా వచ్చు. మొదట అడివి అంచు ఊరు, పేము దొరికే చోటు. అక్కణ్ణుంచి మిల్లుల ఊరు, ఆఫీసులకు కుర్చీలు కావలసిన చోటు. అక్కడే అన్నదమ్ములు, పెద్దతాతా తాతా, విడిపోయారు. ఓడరేవులో పని ఉందని కబురొచ్చింది. అన్న అన్నాడట: "నువ్వు ముందెళ్ళి గది చూడు. ఈ కుర్చీలు అప్పజెప్పి వెనకాలే వస్తా." తమ్ముడు పెళ్ళాన్నీ, భుజం మీద పిల్లాణ్ణీ తీసుకుని వెళ్ళాడు. రేవులో పనిచ్చినవాడు చెప్పాపెట్టకుండా పరారయ్యాడు. ఆకలికి ఆగలేక, టీ కొట్టువాడికి ఒక మాట చెప్పి, కనబడ్డ దారి పట్టారు. ఉత్తరం రాద్దామంటే అన్నదమ్ములిద్దరికీ అక్షరం ముక్క రాదు. ఆ భుజం మీది పిల్లాడే కుర్చీలాయన తండ్రి.

"మనం ముందొచ్చేశాం రా, అంతే," అనేవాడు తండ్రి. "ఆయన వెనకాలే ఉన్నాడు." చివరి రోజుల్లో కూడా అదే మాట. రోడ్డు మీద అడుగుల చప్పుడైతే తల ఎత్తేవాడు.

తండ్రి పోయాక కుర్చీలాయన తిరగడం మొదలుపెట్టాడు. పని పలచబడ్డప్పుడల్లా ఒక సంచీ, ఒక బస్సు. అడివి అంచు ఊళ్ళో ఏమీ మిగల్లేదు. మిల్లుల ఊళ్ళో ఒక పాత ఆఫీసు అటక మీద దొరికాయి, ఎడమ మూల కుర్చీలు. కూర్చునే చోటు ఎప్పుడో చిరిగిపోతుంది గానీ, వీపు ఆనే చోట అల్లిక బతికే ఉంటుంది. నల్లబడి, బెల్లంపాకం రంగుకి తిరిగిన ఆ నారల మీద ఆయన చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. రేవులోనూ కొన్ని దొరికాయి, అంటే పెద్దతాత అక్కడిదాకా వచ్చాడు. రేవు దాటాక తాత నడిచింది ఇటు, తమ ఊరి వైపు. కుర్చీలాయన ఈసారి రెండో వైపు వెళ్ళాడు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చిన మనిషి దారిలో పొట్టపోసుకోవాలి కదా. పొట్టపోసుకోవాలంటే అల్లాలి కదా. లెక్క సరైనదే. రైలు దారి పొడుగునా అక్కడో కుర్చీ ఇక్కడో కుర్చీ. అన్నీ పాతవే, అల్లిన చేతులు మట్టయిపోయినవే.

"పోయినవాళ్ళని వెతుక్కుంటూ ఉన్నదాన్ని వదిలేశారు," అంది భార్య ఫోన్లో.

"నీకేం తక్కువ? ఇంటినిండా జనం."

"ఆ జనానికి వండిపెట్టలేక చస్తున్నా. రండి."

వచ్చేద్దామనే అనుకున్నాడు. బస్సుకు ఇంకా టైముంది. ఎదురుగా ఒక చిన్న ఆసుపత్రి. అలవాటు కొద్దీ లోపలికి తొంగిచూశాడు. వరండాలో, గోడవారగా, ఒక పేము కుర్చీ.

ఎడమ మూల అల్లిక. నారకు ఇంకా పచ్చి పసుపు రంగు పోలేదు. కొత్తది.

ఆయన దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ మీద కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చున్నాడు. కాంపౌండరు బయటికొచ్చాడు.

"కుర్చీ ఉండగా కింద కూర్చున్నారేంటి? చీటీ తీసుకున్నారా?"

"ఇది ఎవరల్లారు?"

"ఏం, గుచ్చుకుందా?"

"ఎవరల్లారు బాబూ?"

"వంతెన దాటాక ఒకావిడ ఉంది. ఆలస్యం చేస్తుంది గానీ గట్టిగా అల్లుతుంది," అన్నాడు కాంపౌండరు. "ఇంతకీ మీకు జబ్బేంటి?"

వంతెన దాటేటప్పటికి ఆయన పరిగెత్తుతున్నాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి దారినపోయేవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

వీధి వైపు గది తలుపు బార్లా తీసి ఉంది. నలభై దగ్గరపడ్డ ఆవిడ, కొంగు నడుముకు దోపుకుని, ఒక నార పళ్ళ మధ్య పట్టుకుని కుర్చీ మీదికి వంగి ఉంది. కుడిచేతి మణికట్టు లోపలికి తిప్పి, మోచెయ్యి పైకెత్తి, నారను ఎడమ మూల నుంచి లాగుతోంది. అది తన తండ్రి చెయ్యి. తన చెయ్యి. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ మొహంలో తమ ఇంటి వంకర ముక్కు కోసం వెతికాడు. లేదు. ముక్కుదేముంది, తల్లి వైపు నుంచి వచ్చుంటుందని సర్దిచెప్పుకున్నాడు.

"కుర్చీ తెచ్చారా?" అంది ఆవిడ, నార పళ్ళలోంచి తీసి.

"ఈ పని ఎవరు నేర్పారమ్మా?"

"మా నాన్న."

"ఆయనకి?"

"ఒక ముసలాయన. స్టేషన్లో కుర్చీలు బాగుచేసేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. మా నాన్న వాళ్ళు ఆయన పక్కింట్లో ఉండేవాళ్ళు." ఆవిడ ఆయన మొహం చూసి ఆగింది. "కూర్చోండి ముందు. రంగు మారిపోయారు."

ఆయన కూర్చున్నాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. అంటే ఈవిడ ఎవరూ కాదు. పెద్దతాత కొమ్మ అక్కడికక్కడే ఎండిపోయింది. ఇన్ని ఊళ్ళు, ఇన్ని కుర్చీలు, చివరికి పక్కింటి పిల్లాడి కూతురు. ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగలేకపోయాడు.

"ఆయన మా పెద్దతాత," అన్నాడు. "మా ఇంట్లో తప్ప ఎవరూ ఇలా అల్లరు. అందుకని, నువ్వు మా మనిషివే అనుకున్నా."

ఆవిడ చేతిలో నార వదిలేసింది.

"తమ్ముడి వైపా?"

"తమ్ముడి మనవణ్ణి."

"ఎంత పని చేశారండీ," అంది ఆవిడ మెల్లగా. "మా నాన్న కుడి మూల నుంచి అల్లుతానని ఎంత ఏడ్చాడో. ముసలాయన సాగనివ్వలేదంట. ఇలా అల్లితేనే మావాళ్ళు గుర్తుపడతారు, నేను పోయాక కూడా ఎవరైనా వస్తారు, అనేవాడంట. పోయేముందు మా నాన్న చేత ఒట్టు పెట్టించుకున్నాడు. మా నాన్న నా చేత పెట్టించుకున్నాడు. ఈ దిక్కుమాలిన మూల నుంచి అల్లలేక చిన్నప్పట్నించీ మిమ్మల్ని తిట్టని రోజు లేదు. ఎవరో, ఎక్కడున్నారో, రారు, చావరు అని."

కుర్చీలాయనకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందో తెలియలేదు. భార్యకు ఫోన్ చేశాడు.

"దొరికారా?"

"దొరికారు. ఊహూఁ, దొరకలేదు."

"ఏదో ఒకటి ఏడవండి."

"ఆయన వెనకాలే వచ్చాడే. మా నాన్న చెప్పినట్టే." అవతల భార్య, ఎన్నడూ లేనిది, తొందరగా రమ్మనలేదు.

ఫోన్ పెట్టేశాక ఈవిడ అడిగింది. "మీరు వచ్చేశారు కదా. ఇక నేను కుడి మూల నుంచి అల్లుకోవచ్చా?"

న్యాయమైన మాట. ఒట్టు తీరిపోయింది. రోజంతా పట్టే పని పూటలో అయిపోతుంది ఆవిడకు. అల్లుకో తల్లీ అనడమే మర్యాద. ఆయన నోరు తెరిచాడు. కానీ ఆవిడ మణికట్టు వైపు చూశాడు. అది మామూలుగా తిరిగిపోతే, ఆ వంకర తిప్పుడు లోకంలో ఇక తన ఒక్కడి చేతిలోనే మిగులుతుంది.

"ఇంకొన్నాళ్ళు ఇలాగే అల్లమ్మా," అన్నాడు. "మావాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో."

ఎవరూ లేరని ఆయనకు తెలుసు. ఆవిడకూ తెలిసే ఉంటుంది. ఆవిడ ఆయన్ని చూసింది, పెదవి చప్పరించింది, కుర్చీని మోకాళ్ళ మధ్యకు లాక్కుంది. ఎడమ మూలలో నార దూర్చింది.

"ఇప్పుడు తిడితే పేరు పెట్టి తిడతాను మరి," అంది. "పేరు చెప్పండి."